రాకెట్టాట, మా ఊరి కరెంటు

ఈ మధ్య నా చేతులు ఊరికే ఉండటం లేదు. స్కూల్లో పేపర్లు దిద్దుతున్నా, అనంతపురంలో మా ఇంటి డాబా మీద బట్టలు ఆరేస్తున్నా, కుడిచేతి బొటనవేలు దానంతటదే గాల్లో నొక్కుకుంటూ పోతుంది. కారణం చెబితే నవ్వుతారు. సెలవులకు వచ్చిన మా అమ్మాయి తన కంప్యూటర్లో ఒక పాత వీడియో గేమ్ ఎక్కించి, "నీ కాలం ఆటేనమ్మా, చూడు" అని నా ముందు పెట్టింది. నల్లటి ఆకాశం, తెల్లటి చుక్కలు, అడుగున మన ఓడ, పైనుంచి బారులు తీరి దిగివచ్చే శత్రువుల ఓడలు. చిన్నప్పుడు మేం దాన్ని రాకెట్టాట అనేవాళ్లం. అమ్మాయి సెలవులు అయిపోయి వెళ్లిపోయింది, ఆటను మాత్రం నా పాత లాప్‌టాప్‌లో దించి పోయింది. అప్పటినుంచి స్కూలు నుంచి రాగానే చెప్పులు విడిచీ విడవకముందే దాని ముందు కూర్చుంటున్నాను. అన్నం మాడిన రోజులున్నాయి.

"దీంట్లో ఏముందమ్మా? కథ లేదు, చివర లేదు" అని అమ్మాయి అడిగింది. అదే దీని గొప్ప అని చెప్పాను. కథ ఉంటే ఒకసారి తెలిశాక పాతబడుతుంది. ఇందులో పాతబడటానికి ఏమీ లేదు. ఎడమకు జరగాలి, కుడికి జరగాలి, పేల్చాలి. బారులోంచి ఒక్కో ఓడ విడివడి వంపు తిరుగుతూ మన మీదికి దూకుతుంది. ఒక వరస చంపితే ఇంకో వరస, ఇంకాస్త వేగంగా. దీంట్లో గెలుపు అనేది లేనే లేదు, పోయేదాకా ఎంతసేపు నిలబడ్డామన్నదొక్కటే ఉంది. వానకోసం ఆకాశం కేసి చూసి చూసి మెడలు పట్టుకుపోయిన మా సీమ వాళ్లకు ఆ సంగతి ఒకరు నేర్పాల్సిన పని లేదు. అమ్మాయి ఆడే కొత్త ఆటల్లో చచ్చిపోతే ఆగిన చోటునుంచే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చట. మా ఆటలో ఆ దయ లేదు. చేసిన తప్పు చేసినట్టే ఉంటుంది.

ఇదంతా అమ్మాయికి చెప్పాను కానీ, ఇంకొక సంగతి చెప్పలేదు. ఆడుతున్నంతసేపూ నా చూపు ఓడల మీద ఉండదు. తెర అంచుల మీద ఉంటుంది. బొమ్మ రెండు పక్కలనుంచీ కుంచించుకుపోతుందేమో, నల్లటి పట్టీలు లోపలికి జరుగుతాయేమో అని కాచుకుని ఉంటాను. ఇప్పుడలా జరగదని తెలుసు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, పైగా లాప్‌టాప్‌కు ఆ రోగమే లేదు. తెలిసినా కళ్లు ఊరుకోవు.

మా పల్లె గార్లదిన్నెకు కొంచెం లోపలికి ఉంటుంది. మట్టి మిద్దె, ముందొక వసారా, వసారాలో ఎప్పుడు చూసినా శనక్కాయల మూటలు. మా జేజి, అంటే నాయనమ్మ, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని, విత్తనానికి కాయలు ఒలుస్తూ ఉండేది. మధ్యమధ్య నశ్యం పీల్చి, చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, గట్టిగా తుమ్మి, ఆ తుమ్ముకు తానే "సల్లగుండు" అని దీవించుకునేది. అమ్మ రోట్లో ఊరుబిండి నూరుతుంటే వేయించిన శనక్కాయలు, వెల్లుల్లి, ఎండుమిరపకాయల వాసన కలిసి వీధి మలుపు దాకా వచ్చేది. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఊరుబిండి పెట్టుకుని తినేవాళ్లం. మా నాయన మాత్రం కూర్చుని తిన్నది నేను చూడలేదు. గోడకు ఒక కాలు ఆనించి నిలబడి, పళ్లెం చేత్తో పట్టుకుని, నాలుగు ముద్దలు మింగి తువ్వాలు భుజాన వేసుకుని పోయేవాడు. ఎప్పుడైనా కూర్చున్నాడంటే మోకాలు ఆడుతూనే ఉండేది. "కాలు ఊపితే కరువొస్తాది" అని జేజి కసిరేది. "రానీ, యాడికి పోయింది గనక రావల్ల" అనేవాడు.

నాయన చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టాడు. నాలుగేళ్లు కడుపున పెట్టుకుని పెంచిన చెట్లు. మొదటి కాపు చూడాల్సిన ఏడే బోరులో నీళ్లు తగ్గిపోయాయి. శనక్కాయ చేను పోతే మరుసటేడు మళ్లీ విత్తుకోవచ్చు, చీనీ చెట్టు ఎండితే నాలుగేళ్లూ ఎండినట్టే. ఆ రోజుల్లో మోటార్లు తిరిగే మూడు ఫేజుల కరెంటు పూటకు కొన్ని గంటలే ఇచ్చేవాళ్లు. మిగతా పొద్దంతా ఇళ్లల్లో లైట్లు వెలిగే అరకొర కరెంటే. మోటారుకొక కండెన్సర్, అంటే చిన్న డబ్బాలాంటిది, తగిలిస్తే ఆ అరకొర కరెంటుకు కూడా తిరుగుతుంది. కానీ అప్పుడు ఇళ్లల్లో కరెంటు డీలా పడుతుంది, ఆ బరువంతా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. అది కాలిపోతే ఊరందరి మోటార్లూ ఆగిపోతాయి. కొత్తది రావడానికి వారాలు పట్టేది.

ఒకసారి అలా కాలిపోయి కొత్తది వచ్చినప్పుడు రచ్చకట్ట దగ్గర అందరూ చేరారు. అందరికంటే ఎక్కువ ఎగిరింది మా నాయనే. "ఇంగ కండెన్సర్ పెట్టినోడు ఎవుడైనా సరే ఊరికి పగోడే. రాండప్పా, కర్పూరం ఆర్పండి" అన్నాడు. మా పక్క ఒట్టంటే అదే. వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పాలి. అబద్ధమాడితే ఇంటి దీపం ఆరిపోతుందని. బోరు ఉన్న ప్రతివాడూ వచ్చి ఆర్పాడు. మొదట ఆర్పింది నాయన. మా తోట పక్కన మూడెకరాలున్న దేవదానం మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాయనను ఆయన అన్నా అని పిలిచేవాడు కాబట్టి మాకు చిన్నాయన. "నేను కర్పూరం ఆర్పేది లేదన్నా. బైబిల్ మీద చెయ్యిపెట్టి చెప్తా" అన్నాడు. ఇంటికి పోయి తెచ్చి, అట్టమీద చెయ్యి పెట్టి చెప్పాడు. "ఏదో ఒగటి" అన్నాడు నాయన. ఆ పొద్దు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

రాకెట్టాట మా ఇంటికి ఆ ఎండాకాలమే వచ్చింది. బెంగుళూరులో పనిచేసే మా మేనమామ ఒక ప్లాస్టిక్ డబ్బా, దానికి వైర్లతో వేలాడే మీటలున్న రెండు పలకలు తెచ్చి మా చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాడు. ఊళ్లో అలాంటిది అదొక్కటే. కాస్త వేడెక్కగానే టీవీ వెనకనుంచి దుమ్ము కాలే వాసన వచ్చేది. ఇప్పటికీ నాకు అంతరిక్షం అంటే ఆ వాసనే. నేనూ, దేవదానం చిన్నాయన కూతురు మేరీ, ఇద్దరం మధ్యాహ్నమంతా దాని ముందే. మాకొక పద్ధతి ఉండేది. ఒక్క పలకనే ఇద్దరం పట్టుకుని, ఓడను జరిపేది నేను, పేల్చేది మేరీ. ఇద్దరికీ ఒకే ఓడ, ఒకే ప్రాణం. నేను సరిగ్గా జరపకపోతే అది పేల్చలేదు, అది పేల్చకపోతే నేను పారిపోయి లాభం లేదు. మేరీ బొటనవేలు అంత చురుకైన వేలు నేను మళ్లీ చూడలేదు. నాయన కూడా మా వెనక నిలబడి చూసేవాడు. "ఎడమకు పోమ్మే, ఎడమకు. నిలబడితే సచ్చినట్టే" అని అరిచేవాడు. ఆ ఇంట్లో ఆయన కాలు ఆడకుండా నిలబడిన చోటు అదొక్కటే. అది చూసి నాకెంత సంతోషమయ్యేదో చెప్పలేను.

కొన్నాళ్లకు ఒక వింత మొదలైంది. మధ్యాహ్నం పూట ఆడుతూ ఉండగా బొమ్మ రెండు పక్కలా నల్లబడి, మధ్యలోకి ముడుచుకుపోయేది. ఓడలన్నీ ఇరుకు సందులో పడిన గొర్రెల్లా నలిగిపోయేవి. "ఇది మూడో మెట్టు" అంది మేరీ, ఆటలోనే అలా ఉందనుకుని. మేం ఆ ఇరుకులోనే ఆడటం నేర్చుకున్నాం కూడా. కానీ ఆటలోని మెట్టయితే ఆట మొదలుపెట్టిన లెక్కన రావాలి కదా. ఇది అలా రావడం లేదు. నాయన తువ్వాలు భుజాన వేసుకుని తోటకు పోయిన కాసేపటికి వస్తోంది. నాయన ఇంట్లో నిలబడి ఆట చూసిన రోజు రావడం లేదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు బొమ్మ ముడుచుకోగానే నోరు జారాను. "మా నాయన పోతేనే ఇట్లయితాది మే" అన్నాను. మేరీ వేలు ఆగిపోయింది. ఓడ పేలిపోయింది. అది పలక నా ఒళ్లో పెట్టి లేచి ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం నాయన కాళ్లు కడుక్కుంటూ ఉంటే దగ్గరికి పోయి అడిగాను. నాకు పదకొండేళ్లు. అడగకూడదని తెలియని వయసు కాదు, కానీ నిజం కనిపెట్టానన్న గర్వం ఆపలేదు.

"నాయనా, నువ్వు తోటకు పోయినప్పుడల్లా టీవీలో బొమ్మ చిన్నదయితాండాది. కండెన్సర్ పెట్టినావా?"

ఆయన చెంబు కింద పెట్టాడు. "చెట్లు ఎండిపోతాండాయి పాపా" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "ఇంగ ఆ ఆట చాలు. కండ్లు పోతాయి" అన్నాడు. తెల్లారి లేచేసరికి ఆట డబ్బా లేదు. రిపేరుకు ఇచ్చానన్నాడు. చెడిపోని దానికి రిపేరేమిటని జేజి అడిగితే తువ్వాలు భుజాన వేసుకుని తోటకు పోయాడు. నేను మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాయన ఒట్టు తప్పాడన్న దిగులుతో కాదు. ఆట పోయిందని. ఇవాళ సిగ్గుపడుతూ రాస్తున్నాను గానీ, ఆ వయసులో నాకు ఏడుపు వచ్చింది దానికే.

వారం తిరక్కుండానే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మధ్యాహ్నం పూట పెద్ద చప్పుడు, తర్వాత నల్లటి నూనె వాసన. రచ్చకట్ట దగ్గర మళ్లీ అందరూ చేరారు. ఆడవాళ్లం, పిల్లలం గోడ వారన కూర్చున్నాం. మేరీ తన అమ్మ పక్కన ఉంది, నా వైపు చూడలేదు. ఎవరు పెట్టారు, ఎవరు పెట్టారు అని అరుపులు. ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు ఎవరో అన్నారు.

"అందరం కర్పూరం ఆర్పితిమి. ఆర్పనోడు ఒగడే గదప్పా."

అంతే. అంతదాకా ఎవరికీ తోచని ఆలోచన అందరికీ ఒక్కసారే తోచింది. కర్పూరం ఆర్పినవాడు ఒట్టు తప్పడు, తప్పితే ఇంటి దీపం ఆరిపోతుంది కాబట్టి. ఆర్పనివాడికి ఆ భయం లేదు కాబట్టి వాడే. దేవదానం చిన్నాయన లేచి, "నేను పెట్టలేదన్నా. దేవుని మీద చెయ్యి పెట్టి చెప్పినా, పెట్టలేదు" అన్నాడు. "నీ దేవుడు మా ట్రాన్స్‌ఫారం ఇస్తాడా?" అన్నారెవరో. నాయన కట్ట మీద కూర్చుని ఉన్నాడు. మోకాలు ఆడుతూనే ఉంది. ఒక్కసారి తలెత్తి గోడ వార ఉన్న నన్ను చూశాడు. అరవలేదు, బెదిరించలేదు. బతిమాలినట్టు చూశాడు. నేను లేచి రెండు మాటలు చెబితే సరిపోయేది. నా నోటి దాకా వచ్చాయి కూడా. కానీ నా మనసులో ఇంకో లెక్క తిరుగుతోంది. నోరు మూసుకుంటే ఆట తిరిగి వస్తుంది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక దేవదానం చిన్నాయన మోటారుకు ఆ పంటకాలమంతా కరెంటు ఇవ్వకూడదని ఊరు కట్టు పెట్టింది. స్తంభం దగ్గర ఆయన వైరు కోసేశారు. టమోటా చేను కాయ మీద ఎండిపోయింది. పెళ్లాం బిడ్డలతో బెంగుళూరుకు ఇటుకలు మోయడానికి పోయాడు. మేరీ చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. కొన్నేళ్లకు ఆయన తిరిగివచ్చాడు గానీ పేరు తిరిగిరాలేదు. కండెన్సర్ దేవదానం అంటేనే ఊళ్లో తెలుస్తుంది. మా చీనీ తోట బతికింది. ఆ కాపుతోనే నన్ను అనంతపురం హాస్టల్లో వేశారు. ఆట కూడా తిరిగివచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చిన మర్నాడే నాయన డబ్బాను టీవీ పక్కన పెట్టి బయటికి పోయాడు. నేను ఒక్కదాన్నే ఆడాను. జరిపేదీ నేనే, పేల్చేదీ నేనే. రెండో వరస దాటలేకపోయాను.

నాయన పోయి ఆరేళ్లయింది. బతికి ఉండగా ఆయనా నేనూ ఆ సంగతి ఒక్కసారీ ఎత్తుకోలేదు. నన్ను చూడటానికి అనంతపురం వచ్చినప్పుడల్లా సంచి నిండా చీనీకాయలు తెచ్చేవాడు. నేను తినేవరకూ ఎదురుగా నిలబడేవాడు. ప్రేమే అది, కాదనను. కానీ ఆ కాయలు నాకెప్పుడూ పుల్లగానే ఉండేవి.

నా తోటివాళ్లు ఇలాంటి పాత ఆటలు ఎందుకు వెతుక్కుని ఆడతారో నాకు అర్థమవుతుంది. చిన్నతనం దొరుకుతుందని. నిజంగానే దొరుకుతుంది, అదే వచ్చిన చిక్కు. వేలు మీట మీద పడగానే నాకు పదకొండేళ్లు వచ్చేస్తున్నాయి, గోడ వార కూర్చునే ఉన్నాను, లేవడం లేదు. ఎన్ని వరసలు చంపినా లేవడం లేదు. పోయిన వారం మా ఊరినుంచి ఒక చుట్టం వచ్చి, కాఫీ తాగుతూ, "కండెన్సర్ దేవదానం మనవనికి కరెంటాఫీసులో పనొచ్చింది. ఇంగ ట్రాన్స్‌ఫారాల గతి సూడు" అని పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మనవడి దాకా పాకింది ఆ పేరు. ఆయన వెళ్లాక లాప్‌టాప్ తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను. మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి గార్లదిన్నె బస్సెక్కాను.

మా ఊళ్లో ఇప్పుడు కరెంటు పోవడం తక్కువ. గుట్టల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. బోర్లు మాత్రం అప్పటికంటే లోతు. దేవదానం చిన్నాయన ఇంటి ముందు రేకుల నీడన, బనీనుతో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. గుర్తుపట్టి, "రా పాపా, కూసో. ఎప్పుడొస్తివి?" అన్నాడు. కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ లేవనేమోనని భయం. నిలబడే చెప్పేశాను. నాయన కండెన్సర్ పెట్టిన సంగతి, బొమ్మ చిన్నదైన సంగతి, ఆట కోసం నోరు మూసుకున్న సంగతి. ఒక్క ఊపిరిలో, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. ఆయన సూది ఆపకుండానే విన్నాడు.

"నాకు తెల్దా ఏంది. మీ మోటారు సద్దు మా చేన్లోకి ఇనపడదా? బొమ్మ సంగతి గూడా మేరీ వచ్చి చెప్పింది ఆ రోజే."

"మరి ఎందుకు చెప్పలేదు చిన్నాయనా?"

"నేను చెప్తే ఎవురింటారు పాపా. కర్పూరం ఆర్పినోడు మీ నాయన. మీ ఇంట్లో మనిషి చెప్తేనే ఇంటారు." దారం పంటితో కొరికి తెంచాడు. "ఆ పొద్దు నేను మీ నాయన పక్క చూళ్లేదు. నీ పక్కే చూస్తాంటి. ఇప్పుడు లేస్తాది, ఇంగ లేస్తాది అని."

ఇన్నేళ్లూ ఆ రచ్చకట్ట దగ్గర నన్ను చూసింది నాయన ఒక్కడే అనుకున్నాను. ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, కసరలేదు. చెప్పు తొడుక్కుని చూసుకున్నాడు.

"రచ్చకట్ట మీద ఇప్పుడు మనుషులుండారా చిన్నాయనా?"

"ఉండారు. ముసిలోళ్లు ముగ్గురు నలుగురు ఉంటారు ఈ పొద్దుకు. ఎందుకు?"

"పోయి చెప్తా."

ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "మీ నాయన పేరు పోతాది పాపా. సచ్చిపోయినోడు."

"పోనీ."

నేను వీధిలోకి దిగాను. "ఉండు" అన్నాడు వెనకనుంచి. ఆపుతాడేమో అనుకున్నాను. మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, లోపలికి పోయాడు. కొంచెంసేపటికి చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"పదా. నేనుగూడా ఇంటా."